మూడున్నర రోజుల ఏడాది

కవిటి ఆస్పత్రిలో నాలుగో మంచం నాది.
సోమవారం పొద్దున్న ఆరింటికి ఒకసారి,
గురువారం సాయంత్రం ఆరింటికి ఒకసారి.
లెక్కల మాస్టారిని కదా, తీసివేత చేసి చూశాను:
అటు మూడున్నర రోజులు, ఇటూ మూడున్నరే.
అక్కడే గుర్తొచ్చింది
పోయినేడాది తొమ్మిదో తరగతికి చెప్పిన గ్రహం.
(సైన్సు మాస్టారు లేని బడి మాది,
సైన్సూ నేనే.)

దానికి పేరు లేదు, దాని నక్షత్రానికీ లేదు.
జాబితాలో ఒక అంకె, చివర ఒక పొట్టి అక్షరం.
గురుగ్రహమంత ఒళ్ళు.
అంత ఒళ్ళేసుకుని
పొయ్యిగడ్డ మీదే కాపురం పెట్టింది.
మూడున్నర రోజులకి ఒక చుట్టు,
చుట్టుకో ఏడాది.
ఒక చెంప మీద ఎప్పుడూ మిట్టమధ్యాహ్నం,
రెండో చెంపకి తెల్లారడమే తెలీదు.

ఆ రోజు కిటికీలు మూయించి
కరెంటు పోయేలోగా, గబగబా
దారానికి జీడిపిక్క కట్టి బల్బు ముందు తిప్పాను.
"పిక్క మనకి కనబడదు.
వెలుగు ఒక్క పిసరు తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది.
ఆ తగ్గడమే దాని జాడ."
పుల్లట హైమ లేచింది.
"అంత దగ్గరగుంటే కాలిపోదేటి మాస్టారూ?"
కాలుతూనే ఉందమ్మా,
ఒంటి మీది గాలి ఆవిరై
తోకలాగ వెనక సాగిపోతోంది.
"మరి దూరం జరిగిపోవచ్చు కదా?"
గంట కొట్టారు. బతికిపోయాను.

ఊరొదిలి వెళ్ళిపోమన్నాడు విశాఖ డాక్టరు.
నీళ్ళంటారు, ఎండలో పని అంటారు,
మందుబిళ్ళలంటారు, మట్టి అంటారు.
ఏటా ఎవరో వచ్చి మా బావుల్ని
సీసాల్లో పోసుకుని పట్టుకెళ్తారు.
సీసాలు తిరిగి రావు.
ఐదో మంచం కూర్మయ్య మాత్రం ఒకటే మాట:
"నానెల్లిపోతే నా చెట్లకి నీలెవుడెడతాడు?"

అతనికి చెప్పాను గ్రహం లెక్క.
ఆ లెక్కన ఈ మంచం మీద నాకు నూట పన్నెండేళ్ళు,
నీకు మూడొందలు దాటేయి, అన్నాను.
సూదులు కదలకుండా నవ్వేడు.
"అయితే మీకు నాను ముత్తాతనండి, దండమెట్టండి."
ఆ వెలుగు బయల్దేరి నూట యాభై ఏళ్ళయిందన్నాను.
"ఈపాటికి కరిగిపోనాదేమో?"
లేదు. కోట్ల ఏళ్ళు పడుతుంది.
"అయితే తొందర్లేదన్నమాట," అని కళ్ళు మూసుకున్నాడు.

రాత్రిళ్ళు ఎడమ చెయ్యి చెవి కింద పెట్టుకుంటాను.
పెట్టకూడదు, సిస్టర్ తిడుతుంది.
కోసి కలిపిన నరం లోపల
బారువ సముద్రం హోరులాంటి హోరు.
నా చుట్టూ నేనే తిరుగుతున్న చప్పుడు.
హైమా, దూరం జరగడం అంటే
పడిపోకుండా ఉండడం కన్నా కష్టమైన లెక్క.
అది తిరుగుతోంది గనక పడడం లేదు.
కాల్చేదాన్నే పట్టుకుని తిరుగుతోంది.
ఈ జవాబు పరీక్షలో రాయకు, మార్కులు రావు.

మొన్న గురువారం ఆరయింది,
ఆరున్నర అయింది.
ఐదో మంచం దుప్పటి ముడత పడలేదు.
ట్యూబులైటు అదే, మిషన్ల ఎర్రదీపాలు అవే,
గదిలో వెలుగు మాత్రం
ఒక్క పిసరు తగ్గింది.
ఎవరూ ఏమీ అడగలేదు. ఇక్కడ అడగం.
నేను గోడ మీద గడియారాన్ని చూస్తున్నాను
దూరదర్శినికి కన్ను ఆనించినవాడిలాగ.

ఏడుకి తక్కువ పది నిమిషాలకి
తలుపు దగ్గర తిట్లు వినబడ్డాయి.
"ఆటోవోడు కాయల బస్తాలెత్తేడు సిస్టరమ్మా, నా తప్పేటున్నాది?"
తువ్వాలు కింద ఏదో దాచుకుని
కూర్మయ్య తన మంచమెక్కేడు.

సిస్టర్ అటు తిరగ్గానే తీశాడు.
ముదురు కొబ్బరికాయ, వాళ్ళ పెరటి చెట్టుది.
మా ఇద్దరికీ ఆ నీళ్ళు విషం.
తెలుసు.
చెవి దగ్గర పెట్టుకుని ఊపి
నా చేతికిచ్చాడు.
నేనూ ఊపి చూశాను.